మిగిలిన ఒక్క బెజ్జం

రామవరప్పాడు దాటిన కాసేపటికి బస్సు ఆగిపోయింది. ఆగిందన్న సంగతి హనుమాయమ్మకు వెంటనే తెలియలేదు. కిటికీ పక్కన కూర్చుని ఏలూరు కాలువ వంక చూస్తోంది. నీళ్ళు వెనక్కి, ఏలూరు వైపు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి తాను ముందుకు వెళుతున్నట్టే ఉంది. గుర్రపుడెక్క గుత్తి ఒకటి గట్టు మీంచి వంగిన కొమ్మకు తగులుకుని అక్కడే ఊగుతూ, ఎంతసేపటికీ కిటికీ దాటిపోకపోయేసరికి, నిలబడిపోయింది తామేనని తోచింది. ఒళ్ళో ఖాకీ కవరు ఉంది. కవరులో దళసరి డ్రాయింగు కాగితం, దాని మీద తన చేత్తో గీసిన కార్డు బొమ్మ, కార్డు నాలుగంచుల చుట్టూ బెజ్జాలు, ప్రతి బెజ్జం పక్కనా చీమంత అక్షరాలతో ఒక పేరు. ఒక్క బెజ్జానికి మాత్రం పేరు లేదు. ఈ సాయంత్రం లోపల గవర్నరుపేటలో అంకమ్మరావు ప్రెస్సుకు ఈ కాగితం చేరాలి. రేపటి నుంచి ఆయన మిషన్లన్నీ మాఘమాసం పెళ్ళిపత్రికలకు పోతాయి, మళ్ళీ దొరకవు. ఒకసారి కార్డులు అచ్చయి, బెజ్జాలు పడ్డాక మార్చడానికీ ఉండదు. ఆ ఒక్కదాని పక్కన ఏం రాస్తుందో ఆమెకింకా తెలియదు. ఏం రాయాలో చెప్పినవాళ్ళున్నారు. అక్కడే చిక్కొచ్చింది.

"గుణదల తిరునాళ్ళండీ, ముందంతా జనమే," అన్నాడు కండక్టరు తలుపులోంచి వేలాడుతూ. "దిగేవాళ్ళు దిగొచ్చు. బండెప్పుడు కదులుద్దో ఆ మేరీమాతకే తెలవాలి." ఎవరూ దిగలేదు. పక్కన కూర్చున్నామె, ఎనికేపాడులో ఎక్కిన పెద్దామె, గుడ్డలో చుట్టిన నిలువెత్తు కొవ్వొత్తిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, "ఏవమ్మాయ్, నీకు తగుల్తందా?" అంది. లేదండీ అంది హనుమాయమ్మ. మైనం వాసన, కొత్త గుడ్డ వాసన కలిసి వచ్చాయి. కొత్త గుడ్డ వాసనంటే గంజి వాసన. ఎక్కడ తగిలినా ఆ వాసన ఆమెను పెడన పక్కనున్న పల్లెలోకి, వసారాలోని గుంటమగ్గం దగ్గరికి లాక్కుపోతుంది. ఆ మగ్గం నెత్తిన సొసైటీ వాళ్ళిచ్చిన జకార్డు పెట్టె, దానికి దండలా వేలాడే అట్టలు, అట్టల నిండా బెజ్జాలు. నాన్న మార్కండేయులు కాలితో తొక్కగానే ఒక అట్ట వచ్చి పెట్టెకు ఆనేది. బెజ్జం ఉన్నచోట పోగు లేచేది, లేనిచోట పడుకునేది, అంతే. అంత చిన్న విషయంలోంచి హంసలూ రుద్రాక్షలూ ఎట్లా పుట్టుకొస్తాయో ఆమెకు బళ్ళో ఎక్కాలకంటే ముందే తెలుసు. వానాకాలం బడి కప్పు కారి సెలవిచ్చిన రోజుల్లో ఆ గుంట పక్కన కూర్చుని, పాత అట్ట ఒకటి కంటికి ఆనించుకుని బెజ్జాల్లోంచి ఇల్లంతా చూసేది. ఒక బెజ్జంలో అమ్మ, ఒక బెజ్జంలో రాట్నం, ఒక బెజ్జంలో తడిసిన కోడి.

అమ్మ పగలు నేసేది, పొద్దువాలాక నాన్న నేసేవాడు. ఒకే మగ్గం, ఒకే చీర. ఎక్కడైనా పోగు తెగి, దాని కొస లోపలెక్కడో పడిపోయి అందకపోతే, అమ్మ రావమ్మ దాన్ని దాచేది కాదు. మిగతా ఇళ్ళల్లో గంజి పులిమి నున్నగా చేసి ఊరుకునేవాళ్ళు. అమ్మ మాత్రం సరిగ్గా ఆ చోట బట్ట అంచున ఒక నీలం దారప్పోగు ముడేసి, పని ముందుకు సాగించేది. అది వాళ్ళింట్లో అలవాటు, నాయనమ్మ పెట్టిందట. సాయంత్రం నాన్న గుంటలోకి దిగి, ముందు అంచు వెంబడి వేలు పోనిచ్చి నీలం ముడి ఎక్కడ తగులుతుందో చూసుకునేవాడు. తగిలిన చోట ఆగి, కొస వెతికి అతికి, నీలం పోగు లాగేసేవాడు. లాగేసినా అక్కడ అంచులో చిన్న వదులు ఉండిపోయేది, కంటికి కనపడనిది, వేలికి మాత్రం తెలిసేది. అమ్మా నాన్నా కూర్చుని మాట్లాడుకున్నట్టు ఆమెకు పెద్దగా గుర్తులేదు. కానీ చీర మడతపెట్టేముందు హనుమాయమ్మ అంచు వెంట వేలు రాసేది. ఇక్కడ అమ్మ అడిగింది, నాన్న చెప్పాడు, మళ్ళీ ఇక్కడ అడిగింది. అంత పొడుగు చీరా వాళ్ళిద్దరి కబుర్లే.

హారన్లు మోగుతున్నాయి. కాలువ గట్టు మీద గుండు చేయించుకున్న పిల్లలు పచ్చటి తలలతో పరుగెత్తుతున్నారు. పచ్చటి తల అంటే పసుపు గుర్తొచ్చింది, పసుపు అంటే తాను పనిచేసే చోటి కృపానందం గారి బిస్కట్ల డబ్బా. రంగులిచ్చే మొక్కల మీద ఆయన పరిశోధన. ఆయన రాసుకున్న చీటీలన్నీ బిస్కట్ల డబ్బాల్లోనే. పసుపు కొమ్ముల మీద రాసిన చీటీకి ఒక మూల నిజంగానే పసుపంటి ఉండేది. పక్క గదిలో రామకోటేశ్వరరావు గారు. నేతవాళ్ళు, అద్దకం వాళ్ళు వాడే మాటలు ఊరూరా తిరిగి ఏరుకొచ్చేవారాయన, ఆయన చీటీలు చెప్పులు కొన్న అట్టపెట్టెల్లో. మూడో గది బసవపున్నయ్య గారిది, బందరు రేవు బట్టల వ్యాపారం చరిత్ర రాస్తున్నారు, ఈ చిన్న పరిశోధన కేంద్రానికి ఆయనే పెద్ద. ఆయన చీటీలు బీరువాలో, తాళంచెవి జేబులో. కాలేజీ లైబ్రరీ వెనక మూడు గదులు, ఒక వరండా, వరండాలో హనుమాయమ్మ బల్ల. ఆమె ఉద్యోగం ముగ్గురి చీటీలూ సాపుగా ఎత్తి రాయడం. గుండ్రటి చేతిరాత చూసి రామకోటేశ్వరరావు గారే పెట్టించారు. నాలుగింటికి క్యాంటీను టీ వచ్చేది. ముగ్గురూ వరండాలోకి వచ్చి, కాలువలకు నీళ్ళెప్పుడు వదులుతారో, అలంకార్ టాకీసులో ఏం ఆడుతోందో, ఎవరి మేనల్లుడికి సంబంధం కుదిరిందో మాట్లాడుకునేవారు. పని సంగతి మాత్రం ఎత్తేవారు కాదు. అది మర్యాద అనుకునేదామె అప్పట్లో. ఒకళ్ళ విస్తట్లోకి ఒకళ్ళు తొంగిచూడకపోవడం లాంటిది.

జై ఆంధ్ర గొడవల్లో కాలేజీలు మూసేసినప్పుడు వరండా అంతా నిశ్శబ్దం. కాకులు కూడా చదువు మానేసినట్టుండేది. ఆ రోజుల్లో ఒక్కతే వచ్చి రాసుకునేది. అప్పుడే చూసింది, రామకోటేశ్వరరావు గారి చీటీల వెనక వైపు, మూలగా, పెన్సిలుతో, చదివీ చదవనంత సన్నగా ఆయన రాసుకున్న సందేహాలు. ముందువైపు సిరాతో ఎంత నిబ్బరంగా ఉండేవారో వెనకవైపు అంత బెరుకు. కాలేజీ తెరిచాక, ఇవి కూడా ఎత్తి రాయమంటారా అని అడిగితే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "వద్దమ్మా. మాస్టారికే తెలియలేదంటే చూసినవాళ్ళు నవ్విపోరూ?" అన్నారు. ఆమె వదిలేసింది. కానీ చదివినవి చదివినట్టు మనసులో ఉండిపోయాయి, ఎక్కడా ముడి వేయని పోగుల్లాగా.

తర్వాత కృపానందం గారు బెంగుళూరు వెళ్ళి అక్కడెవరో వాడుతుంటే చూసి అడిగి తెచ్చిన కార్డు. ఆమె చేతిలో పెట్టి, "ఇది చూడమ్మా, తమాషా," అన్నారు. చుట్టూ బెజ్జాలు. తమాషా అనిపించలేదు, మేనత్త కూతురు కనపడ్డట్టనిపించింది. ఒక్కో బెజ్జానికి ఒక్కో అర్థం: ఇది రంగు, ఇది ఊరు, ఇది రేవు, ఇది పాట. కార్డు మీది విషయం రంగుకు సంబంధించిందయితే, రంగు బెజ్జాన్ని అంచు దాకా కత్తిరించి తెరిచెయ్యాలి. తర్వాత కార్డులన్నీ దొంతరగా పేర్చి ఆ బెజ్జంలోంచి పుల్ల దూర్చి పైకెత్తితే, తెరిచినవి రాలిపడతాయి, తెరవనివి పుల్లకే వేలాడతాయి. ఎవరి డబ్బాలోవి, ఎవరి పెట్టెలోవి అన్న తేడా లేకుండా రంగు సంగతులన్నీ బల్ల మీదుంటాయి. "హైదరాబాదులో కంప్యూటరుంది, అదీ ఇట్లాగే బెజ్జాలు చదువుద్దంట," అన్నారు కృపానందం గారు. "ఇది మన పేదవాళ్ళ కంప్యూటరు." పుల్ల కోసం వాళ్ళావిడ రూతు గారు స్వెట్టరల్లే సూది ఇచ్చారు. బెజవాడలో స్వెట్టరెవరికండీ అని బసవపున్నయ్య గారు ఎగతాళి చేస్తే, "అందుకే ఖాళీగా పడుందండీ," అన్నారావిడ. ఆ వారమంతా హనుమాయమ్మకు ఇల్లు గుర్తులేదు, అన్నం గుర్తులేదు. చేత్తో కార్డులు కోసి, బెజ్జాలు పొడిచి, ముగ్గురి చీటీల్లోంచీ కొన్ని కొన్ని ఎత్తి రాసి, ఏ బెజ్జం దేనికో పట్టిక వేసి, కొట్టేసి, మళ్ళీ వేసి.

మొదటిసారి సూది దూర్చింది 'ఎరుపు' బెజ్జంలో. ఎందుకంటే ఎరుపంటే ఇష్టం, అంతకంటే కారణం లేదు. పైకెత్తి కాస్త విదిలించగానే కార్డులు రాలాయి, ఎండు రావిఆకుల చప్పుడుతో. పైన పడ్డ రెండూ పక్కపక్కన. ఒకటి చెప్పుల పెట్టెది: ఒక ముసలామె తన తాతల నాటి చీర చూపించి, ఇది గవ్వలమన్ను ఎరుపు, ఉతికేకొద్దీ ముదురుతుంది, అందని రాసుంది. రెండోది బిస్కట్ల డబ్బాది: చిరివేరు మొక్క, సముద్రపు ఒడ్డున గవ్వలు పొడయి కలిసిన ఇసుకలో పెరిగిన వేరు చిక్కటి ఎరుపు ఇస్తుంది, ఉతికేకొద్దీ ఆ రంగు తేరుతుంది. మొదటి చీటీ వెనక పెన్సిలుతో ఏముందో ఆమెకు గుర్తే. 'గవ్వలమన్నుకూ రంగుకూ ఏమిటి సంబంధం?' కృపానందం గారు రెండు కార్డులూ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు. అప్పటికి రామకోటేశ్వరరావు గారు చక్కెర జబ్బుతో చూపు పోయి, ఉద్యోగం మానేసి, పుస్తకం సగంలో వదిలేసి గన్నవరం వెళ్ళిపోయారు. "పక్క గదేగదమ్మా," అన్నారు కృపానందం గారు. "నన్ను అడగొచ్చు కదా ఆయన?" కార్డులు రెండూ బల్ల మీద పెట్టి, "నేనైనా ఒక్కసారి ఏం రాస్తున్నారండీ అని అడగొచ్చు కదా," అన్నారు. ఆ రోజు ఆయన టీ గ్లాసు మీద మీగడ కట్టింది.

"బస్సు ఇట్టాగే ఉంటదా ఏంది?" అని ఎవరో గొణిగారు. ఎండ కిటికీలోంచి కవరు మీద పడుతోంది. కవరు అటు తిప్పింది. బసవపున్నయ్య గారు నిన్న ఈ కాగితం చూసి మెచ్చుకున్నారు, అది నిజం. మెచ్చుకుని, మిగిలిన బెజ్జం మీద చూపుడువేలు ఆనించి, "దీనికి ప్రచురితం అని రాయి హనుమాయమ్మా," అన్నారు. "అచ్చయిన సంగతులు అందరికీ చూపించు. అచ్చుకానివి నా బీరువాలో ఉండాలి." ఆమె, సందేహాలకొక బెజ్జం పెడితే ఎట్లా ఉంటుందండీ అంది. ఆయన నవ్వలేదు. "మాకు తెలియదు మాకు తెలియదు అని అచ్చేయించుకుంటే యూనివర్సిటీ వాళ్ళు గ్రాంటిస్తారా? పైగా ఒకసారి కత్తిరించామంటే అది అట్లాగే ఉండిపోద్దిగా జన్మంతా, మచ్చలాగా?" ఆమె కాగితం మళ్ళీ కవరులో పెట్టుకుంది. ఆయన చెడ్డవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన రాసిన వ్యాసం ఇంకొకరి పేరుతో వచ్చిందట, ఆ తర్వాతే జేబులోకి తాళంచెవి వచ్చింది. ఆమె తాత్కాలికపు ఉద్యోగం వచ్చే ఏడాదికి పొడిగించాలంటే సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఆ ఉద్యోగం పోతే పెడన వెళ్ళి రాట్నం ముందు కూర్చోవాలి. రాట్నం అంటే భయం లేదు. ఆ కార్డులు రాలే చప్పుడు మళ్ళీ వినపడదేమోనన్నదే భయం.

అందుకే ఇవాళ పొద్దున గన్నవరం వెళ్ళింది, రామకోటేశ్వరరావు మాస్టారిని అడుగుదామని. మాస్టారి భార్య వెంకటరత్నమ్మ గారు మజ్జిగ ఇచ్చి, "గట్టిగా మాట్లాడక్కర్లేదమ్మా, పోయింది కళ్ళే, చెవులు కాదు," అన్నారు. మాస్టారు నులకమంచం మీద కూర్చుని ఆమె గొంతు వైపు తల తిప్పి, "మన గుండ్రటి అక్షరాలొచ్చాయే," అన్నారు. బెజ్జం సంగతి తర్వాత చెబుదామని ముందు గవ్వలమన్ను సంగతి చెప్పింది. చిరివేరు, ఇసుక, ఒడ్డు, అన్నీ. ఆయన ఊపిరి బిగపట్టి విన్నారు. "ఎవరు చెప్పారివన్నీ?" "కృపానందం గారి కార్డులో ఉందండీ." "ఏ కృపానందం? మన పక్క గది కృపానందమా?" అవునండీ అంది. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. "ఏమే, విన్నావా! రోజూ నా టీలో చక్కెర వద్దని పోరేవాడే, ఆ కృపానందం! నేను బందరు వెళ్ళా, చల్లపల్లి వెళ్ళా, నిజాంపట్నం దాకా వెళ్ళా, గోడవతల మాత్రం అడగలా!" మంచం ఊగేలా నవ్వి, నవ్వి, నవ్వు ఎక్కడ అయిపోయిందో ఎవరికీ తెలియకుండా అయిపోయింది. కండువాతో మొహం తుడుచుకుని, "ఆ సందేహం నాది కాదమ్మా," అన్నారు. "ఆ ముసలామెది. మా అమ్మమ్మ అనేది బాబూ, గవ్వలకీ రంగుకీ ఏం సంబంధమో, చదువుకున్నోళ్ళు మీరు చెప్పండి, అంది. కనుక్కుని వచ్చి చెప్తానన్నా. చెప్పడానికేం లేక ఆ ఊరే మానేశా. ఈపాటికి ఆమెక్కడుంటుందిలే." బెజ్జం సంగతి ఆమె ఎత్తలేకపోయింది. లేచి వస్తుంటే ఆయన ఆమె చేతిలోని కవరును తడిమి, ఇదేనా అని, కాగితం తీయించి, అంచు వెంట వేలు పోనిచ్చారు. బొమ్మే కదా, బెజ్జాలు లేవు. వేలు ఎక్కడా ఆగకుండా జారిపోయింది.

"ఎట్టాగయ్యా ఇది!" పక్కనామె లేచి నిలబడింది, కొవ్వొత్తి బస్సు కప్పుకు తగిలింది. కూర్చున్నంతసేపూ నెమ్మదిగా ఉన్న మనిషి బస్సంతటికీ వినపడేలా, "కొండకాడికి నడిచి పోయే అడ్డదారేదన్నా ఉందా? ఎవరికైనా తెలుసా?" అంది. వెనక సీటులోంచి ఒకతను, కాలువ కట్ట పట్టుకుని పోతే చెక్క వంతెనొస్తదన్నాడు. "ఆ వంతెన పోయినేడే విరిగింది, నేను చూశాగా," అంది ముందు సీటామె. "బాగుచేశారు మొన్న, మా బావమరిదే చేసింది," అన్నాడు ఇంకెవరో. "మీ బావమరిది చేస్తే అసలెక్కకూడదు," అన్నాడు కండక్టరు, బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో ఎవరో పిల్లల తల్లి నీళ్ళెక్కడ దొరుకుతాయంటే ఎవరో చెప్పారు, తలనీలాలు ఎక్కడ తీస్తారంటే ఎవరో చెప్పారు. అరగంట నుంచి పక్కపక్కనే కూర్చుని ఎవరి చెమట వాళ్ళు తుడుచుకుంటున్న మనుషులు. అడ్డదారి తెలిసినవాడు మొదటి నుంచీ వెనక సీటులోనే ఉన్నాడు. దారి కావలసినామె మొదటి నుంచీ ఇక్కడే ఉంది. నోరు తెరిచి అడగడమొక్కటే మధ్యలో లేనిది.

హనుమాయమ్మ చేతులు అప్పటికే కవరు విప్పుతున్నాయి. ప్రచురితానికి బెజ్జం ఎందుకు, కార్డు మూల కత్తిరిస్తే చాలు, దొంతరలో చూడగానే కనపడుతుంది, బసవపున్నయ్య గారికి ఇంకా సుఖం. ఆ మాట అట్లాగే చెప్పాలి. రేపు పొద్దునే, టీ రాకముందే, ఆయన గదిలోకి వెళ్ళి చెప్పాలి. ఒప్పుకోకపోవచ్చు. సంతకం పెట్టకపోనూవచ్చు. మరి జన్మంతా ఉండిపోయే మచ్చ సంగతి? కత్తిరించింది మళ్ళీ మూతపడేదెట్లా? కలం మూత పళ్ళతో పట్టుకుని కాలువ వంక చూసింది. నీలం పోగు ఉండిపోలేదు కదా. నాన్న లాగేసేవాడు కదా. జవాబు దొరికిన నాడు, తెరిచిన బెజ్జం మీద సన్నటి కాగితం ముక్క జిగురుతో అతికి, మళ్ళీ బెజ్జం పొడిస్తే సరి. ఆ కార్డు మళ్ళీ సూదికి వేలాడుతుంది. అతుకు మాత్రం వేలికి తెలుస్తుంది, ఇక్కడ ఒకరు అడిగారు, ఒకరు చెప్పారు అని. ఊగని బస్సులో, ఒళ్ళోనే కాగితం పెట్టుకుని, మిగిలిన ఒక్క బెజ్జం పక్కన గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఎవరికైనా తెలుసా?'

సిరా ఆరేదాకా ఊది, కవరులో పెట్టి, లేచింది. గవర్నరుపేట దాకా నడిస్తే చీకటి పడేలోపల చేరొచ్చు. పక్కనామె కూడా దిగింది. కొవ్వొత్తి దించడానికి హనుమాయమ్మ ఒక కొస పట్టుకుంది. "నా పేరు తెరేసమ్మ," అందామె కట్ట మీద నిలబడి ఊపిరి తీసుకుంటూ. "మా వీధిలో రాలేనోళ్ళవి కూడా నేనే అడుగుతా తల్లిని. నీదేమన్నా ఉంటే చెప్పమ్మాయ్, మొహమాటపడబాక, ఇంత కొవ్వొత్తికి ఇంకోటి బరువా?" హనుమాయమ్మ తనకిది కావాలని ఎప్పుడూ ఎవరినీ అడిగిన మనిషి కాదు. తల వంచుకుని, "ఒక ముసలామె ఉండాలండీ," అంది. "ఉంటే, ఆమె కనపడాలని." "పేరేంది?" "తెలియదండీ. ఊరు తెలుసు." "అడుగుదాంలే," అంది తెరేసమ్మ, అదేమంత పెద్ద పనన్నట్టు, కొవ్వొత్తి భుజానికెత్తుకుని జనంలో కలిసిపోయింది.

హనుమాయమ్మ కాలువ పక్కగా, కొండ నుంచి తిరిగొచ్చే జనానికి ఎదురు నడిచింది. కవరును గుండెకు ఆనించి పట్టుకుంది, ఎవరి భుజమూ తగలకుండా. కార్డులు వచ్చాక మొట్టమొదట రాసేది గవ్వలమన్ను కార్డే. ఆ చివరి బెజ్జాన్ని తనే తెరుస్తుంది, ఎందుకంటే ఆ ముసలామె అడిగింది. తనే అతుకుతుంది, ఎందుకంటే కృపానందం గారు జవాబు చెప్పారు. జిగురు ఆరాక దాన్ని గన్నవరం తీసుకెళ్ళి మాస్టారి చేతిలో పెడుతుంది, ఏమీ చెప్పకుండా. ఆయన అంచు వెంట వేలు పోనిస్తారు, బెజ్జం తర్వాత బెజ్జం, బెజ్జం తర్వాత బెజ్జం. ఆ అతుకు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగుతుంది.